షిమాజు వంశము - ఏడు శతాబ్దాల సామురాయ్ చరిత్ర

1922లో నిజాం ప్రభుత్వ విద్యాశాఖ సంచాలకులైన సయ్యద్ రాస్ మసూద్ గారు జపాన్ దేశానికి వెళ్ళారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి మనుమడైన ఆయన అక్కడి విద్యాలయాలను స్వయంగా పరిశీలించి, ఆ దేశపు విద్యావిధానంపై రచించిన గ్రంథం 1923లో వెలువడింది. ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమై అప్పటికి నాలుగేళ్ళు మాత్రమే అయింది. ఆధునిక విజ్ఞానాన్ని తన సొంత భాషలో నేర్చుకొని ప్రపంచ రాజ్యాల సరసన నిలిచిన ఆసియా దేశమేదైనా ఉన్నదా అని వెదకేవారికి ఆనాడు కనిపించిన మొదటి పేరు జపాన్.

ఆ విద్యావిధానానికి పునాదులు వేసినవారిలో ప్రముఖుడు మోరి అరినోరి. 1885లో జపానులో ఆధునిక మంత్రిమండలి ఏర్పడినపుడు విద్యామంత్రి పదవి స్వీకరించినవాడు ఆయనే. అంతకు ఇరవై ఏళ్ళ క్రితం, పదిహేడేళ్ళ ప్రాయంలో, ఆయన మారుపేరుతో ఒక ఓడ ఎక్కి రహస్యంగా ఇంగ్లండుకు వెళ్ళాడు. దేశం విడిచి వెళ్ళడం ఆ రోజులలో మరణశిక్షకు తగిన నేరం. ఆ నేరాన్ని చేయించినది ఆయన ప్రభువంశమే. ఆ వంశం పేరు షిమాజు.

ఒక సామురాయ్ వంశం తన పిల్లలను కత్తి దించి పుస్తకం పట్టుకొమ్మని పంపడానికి కారణమేమి? ఆ వంశం ఏ దారిన అక్కడకు చేరింది? ఆ దారిలో ఎవరెవరు ఎంతెంత మూల్యం చెల్లించారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

వంశావిర్భావము

జపాన్ నాలుగు ప్రధాన ద్వీపాలలో నైరుతి దిశన ఉన్నది క్యూషూ. దాని దక్షిణపు కొసన సత్సుమా, ఓసుమి, హ్యూగా అనే మూడు సీమలు ఉండేవి. ఈ మూడింటిలోను వ్యాపించి, క్యోటో నగరపు కోనోయే ప్రభుకుటుంబానికి చెందిన ఒక విశాలమైన భూసంస్థానం ఉండేది. దాని పేరే షిమాజు. 1185లో మినమోతో యోరితోమో తన శత్రువులైన తైరా వంశీయులను నిర్మూలించి దేశంలో సైనికాధిపత్యం స్థాపించాడు. ఆ సంవత్సరమే ఆయన తదహిసా అనే అనుచరుని ఈ సంస్థానంపై అధికారిగా నియమించాడు. తదహిసా ఆ భూమి పేరునే ఇంటిపేరుగా స్వీకరించాడు. మన దేశంలో ఊరి పేరు ఇంటిపేరైన కుటుంబాలెన్నో ఉన్నవి గనుక ఇది మనకు వింతగా తోచదు.

తదహిసా యోరితోమోకు రహస్యంగా పుట్టిన కుమారుడని తరువాతి కాలంలో ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. చరిత్రకారులు దానిని అంగీకరించరు. గొప్పవారైన పిమ్మట గొప్ప పూర్వీకులను వెదకుకొనడం ప్రభువంశాలన్నింటికీ ఉన్న అలవాటే.

మొదటి తరాలవారు తమ సీమలో నివసించినవారు కారు. రాజధానీ ప్రాంతాలలో కొలువు చేస్తూ, ప్రతినిధుల ద్వారా పన్నులు రాబట్టుకొనేవారు. 1274లో మంగోలులు క్యూషూపై దండెత్తడంతో పరిస్థితి మారింది. తీరరక్షణకై ప్రభువులు తమ తమ సీమలకు వెళ్ళవలసినదిగా ఆజ్ఞ వెలువడింది. మూడవ తరానికి చెందిన హిసత్సునే అలా క్యూషూకు తరలివచ్చాడు. వంశం ఆ మట్టిలో నిజంగా వేరూనినది అప్పుడే.

తుపాకి, శిలువ, నీతిపద్యము

పదునారవ శతాబ్దం జపానులో అంతర్యుద్ధాల కాలం. ప్రతి సీమకు ఒక ప్రభువు, ప్రతి ప్రభువుకు పదిమంది శత్రువులు. షిమాజు వంశంలోనే శాఖలు తమలో తాము పోరాడుతుండగా వాటిని ఏకం చేసినవారు తదయోషి, ఆయన కుమారుడు తకహిసా. తదయోషి యోధుడే గాక విద్యావంతుడు కూడా. జపాన్ అక్షరమాలలోని ఒక్కొక్క అక్షరంతో మొదలయ్యేటట్లు 47 నీతిపద్యాలు రచించాడు. మన పిల్లలు సుమతీ శతకం వల్లించినట్లే సత్సుమా బాలురు తరతరాలుగా వాటిని వల్లించేవారు.

1543లో పోర్చుగీసు వర్తకులు ఎక్కిన ఒక ఓడ టనెగషిమా ద్వీపానికి కొట్టుకువచ్చింది. జపాన్ దేశంలో యూరపు తుపాకులు అడుగిడినది ఈ ద్వీపంలోనే. ఆ ద్వీపపు పాలకుడు షిమాజు వారి సామంతుడు. ఆయన రెండు తుపాకులు కొని, తన కమ్మరులచేత అటువంటివే చేయించాడు. కొద్ది సంవత్సరాలలోనే ఆ విద్య దేశమంతటా పాకింది.

1549లో క్రైస్తవ మతప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ షిమాజు వారి రాజధాని కగోషిమాలో దిగాడు. ఆయనకు దారి చూపినవాడు ఆ ఊరివాడే అయిన అంజిరో. ఒక హత్యానేరం వల్ల దేశం విడిచిన అంజిరో మన దేశంలోని గోవా చేరి, 1548లో అక్కడ క్రైస్తవం స్వీకరించి, అక్కడి కళాశాలలో చదివినవాడు. తకహిసా ప్రభువు జేవియర్‌ను ఆదరించి ప్రచారానికి అనుమతించాడు. కాని వర్తకపు ఓడలు ఆశించినట్లు రాకపోవడం చేతను, బౌద్ధ సన్యాసుల వ్యతిరేకత చేతను, మరుసటి సంవత్సరమే మతమార్పిడిని నిషేధించాడు. షిమాజు వారి వంశచిహ్నం వలయంలోని ఒక శిలువ ఆకారం. దానికి క్రైస్తవంతో సంబంధం లేదు. జేవియర్ రాకకు పూర్వమే అది వారి పతాకాలపై ఉన్నది.

నలుగురు సోదరులు

తకహిసా కుమారులు యోషిహిసా, యోషిహిరో, తోషిహిసా, ఇయెహిసా. ఈ నలుగురి ఐకమత్యమే వంశానికి అత్యున్నత దశను తెచ్చింది. వారి యుద్ధతంత్రం ఒకటి ప్రసిద్ధమైనది. మధ్యనున్న దళం ఓడినట్లు నటించి వెనుకకు పరుగెత్తుతుంది. శత్రువు తరుముకొనివచ్చేటప్పుడు ఇరుపక్కల పొంచియున్న దళాలు ఒక్కసారి విరుచుకుపడతాయి. 1578లో ఓతోమో వంశంపైనా, 1584లో ర్యూజోజి వంశంపైనా విజయాలు సాధించి, 1586 నాటికి క్యూషూ ద్వీపంలో అధికభాగాన్ని వారు జయించారు.

అయితే అప్పటికే మధ్య జపానును ఏకం చేసిన తొయొతోమి హిదెయోషి 1587లో రెండు లక్షలకు మించిన సేనతో క్యూషూపైకి వచ్చాడు. ఇక పోరాడడం సర్వనాశనానికే దారితీస్తుందని గ్రహించిన యోషిహిసా తల గొరిగించుకొని లొంగిపోయాడు. గెలిచిన సీమలు పోయినవి. సత్సుమా, ఓసుమి, హ్యూగాలో కొంత భాగం మిగిలినవి. ఓటమిని గుర్తించడం కూడా ఒక విద్య అని వంశం నేర్చుకొన్న మొదటి పాఠం ఇదే అని మేము భావిస్తాము.

హిదెయోషి 1592 నుండి 1598 వరకు కొరియాపై చేసిన దండయాత్రలలో యోషిహిరో పాల్గొన్నాడు. తిరుగు ప్రయాణంలో సుమారు 80 మంది కొరియా వాసులను, వారిలో కుమ్మరులను, బందీలుగా సత్సుమాకు తెచ్చారు. అనంతర కాలంలో యూరపు ప్రదర్శనశాలలలో మెప్పు పొందిన 'సత్సుమా పింగాణి' వారి చేతిపనితో పుట్టినదే. ఆ పాత్రల అందాన్ని మెచ్చుకొనేవారు, వాటిని తొలుత మలచిన చేతులు తమ దేశాన్ని మళ్ళీ చూడలేదన్న సంగతి కూడా తెలుసుకొనవలసియున్నది.

సెకిగహారా

1600 అక్టోబరు 21న సెకిగహారా మైదానంలో జపాన్ భవిష్యత్తును నిర్ణయించిన యుద్ధం జరిగింది. తొకుగవా ఇయెయాసుకు వ్యతిరేకపక్షాన అరువదియైదేళ్ళ యోషిహిరో సుమారు 1,500 మందితో నిలిచాడు. మధ్యాహ్నానికి తన పక్షం ఓడిపోయింది. మూడు వైపుల శత్రువే. యోషిహిరో వెనుకకు తిరుగలేదు. శత్రుసేన మధ్య నుండే, ముందుకే, దారి చేసుకొని తప్పించుకొనడానికి ఆజ్ఞాపించాడు. చిన్న చిన్న గుంపులుగా యోధులు దారిలో నిలిచిపోయి, చనిపోయేవరకు శత్రువును అడ్డుకొనేవారు. ఆ గుంపు నశించగానే మరొక గుంపు నిలిచేది. ప్రభువు మేనల్లుడు కాదు, స్వయాన తమ్ముని కొడుకైన తొయొహిసా అలాగే ప్రాణం విడిచాడు. చివరకు యోషిహిరోతో స్వదేశం చేరినవారు సుమారు 80 మంది.

ఓడిన పక్షపు ప్రభువులనేకులు భూములు పోగొట్టుకొన్నారు. కాని షిమాజు వారు సరిహద్దులు బిగించుకొని, ఒకవైపు యుద్ధానికి సిద్ధమవుతూ, మరొకవైపు రాయబారాలు నడిపారు. రెండేళ్ళ అనంతరం ఇయెయాసు వారి సీమలను వారికే ఖాయపరచాడు. ఈనాటికీ కగోషిమా వాసులు ఏటేటా అక్టోబరులో, కొందరు కవచాలు ధరించి, యోషిహిరో స్మృతిస్థలానికి సుమారు 20 కిలోమీటర్లు నడచి వెళతారు. ఒక ప్రజ తన ఓటమిని ఉత్సవంగా జరుపుకొనడం చరిత్రలో అరుదైన విషయం.

తీపి వెనుక చేదు

1609లో సుమారు మూడు వేల సత్సుమా యోధులు దక్షిణాన ఉన్న రియూక్యూ రాజ్యంపై దాడి చేశారు. అదియే నేటి ఒకినావా. రాజు షో నెయి బందీయై, రెండేళ్ళకు పైగా జపానులో ఉండి, 1611లో విధేయతా ప్రమాణం చేసి తిరిగివచ్చాడు. అమామి ద్వీపాలు నేరుగా షిమాజు వారి పాలనలోకి వచ్చాయి. రియూక్యూ రాజును మాత్రం సింహాసనంపైనే ఉంచారు. ఆయన చైనాకు కప్పం పంపుతూనే ఉండాలి, తనపై సత్సుమా పెత్తనమున్నదని చైనాకు తెలియరాదు. జపాన్ తలుపులు మూసుకొన్న కాలంలో చైనా సరకులు ఈ చాటుదారిన షిమాజు వారికి చేరేవి.

షిమాజు వారి సీమ విలువ సుమారు ఏడున్నర లక్షల 'కోకు'లకు పైబడినది. ఒక కోకు అనగా ఒక మనిషికి ఒక సంవత్సరానికి సరిపడే బియ్యం. ప్రభుసీమలలో ఇది దేశంలో రెండవది. ఐనను సంపద నిలువలేదు. ప్రభువు వంతులవారీగా ఎదో నగరంలో కొలువుండవలెనని తొకుగవా వారి శాసనం. కగోషిమా నుండి ఎదోకు సుమారు 1,700 కిలోమీటర్లు. ఆ ప్రయాణాల ఖర్చు, రెండు నివాసాల ఖర్చు భరింపరానివి. దేశం మొత్తంలో సామురాయ్‌లు జనాభాలో ఆరేడు శాతం కాగా సత్సుమాలో సుమారు నాలుగవ వంతు వారే. దీనికితోడు 1754లో షోగున్ ప్రభుత్వం, ఎక్కడో నడిమి జపానులోని మూడు నదులకు కరకట్టలు కట్టవలసినదిగా షిమాజు వారిని ఆజ్ఞాపించింది. 1755లో పని పూర్తి అయ్యేనాటికి ఎనభై మందికి పైగా సత్సుమా వారు మరణించారు. ఖర్చు అప్పుగా మిగిలింది.

పందొమ్మిదవ శతాబ్దపు మూడవ దశకం నాటికి ఆ అప్పు యాభై లక్షల 'ర్యో'లు. ర్యో అనునది ఆనాటి బంగారు నాణెం. అప్పుడు జుషో హిరోసాతో అనే అధికారి వర్తకులను పిలిపించి, 250 సంవత్సరాల వాయిదాలలో, వడ్డీ లేకుండా చెల్లిస్తామని ఒప్పించాడు. ఒప్పించాడనడం కంటె మింగించాడనడం సబబు. ఆ లెక్కన చివరి వాయిదా 2085 ప్రాంతంలో తీరవలెను. 1871 తరువాత కొత్త ప్రభుత్వం ఆ పాత అప్పునే రద్దు చేసింది.

జుషో ఖజానాను నింపినది మరొక మార్గంలో. 1830 నుండి అమామి ద్వీపాలలో పండిన బెల్లపు చక్కెరనంతా ప్రభువే కొనాలని నిబంధన. వరి పొలాలు చెరకు తోటలైనవి. ధర నిర్ణయించేది కొనేవాడే. దొంగచాటుగా అమ్మినవానికి మరణశిక్ష. అప్పులపాలైన రైతులు సంపన్నుల ఇళ్ళలో వెట్టివాండ్రయ్యారు. తరువాత మేము చెప్పబోయే ఫ్యాక్టరీలు, ఓడలు, విదేశ చదువులు - వీటన్నింటి వెనుక ఈ చెరకు రైతుల చెమట ఉన్నది. ఈ సంగతి దాచి వంశాన్ని పొగడడం చరిత్ర కాదు, భట్రాజు స్తోత్రం.

గురువు లేని బడి

సత్సుమా విద్య గురించి మన విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకొనదగినది 'గోచూ' అనే పద్ధతి. ఒక వాడలోని బాలురందరు ఒక జట్టు. ఆరేడేళ్ళ నుండి పద్నాలుగేళ్ళవారు చిన్నలు, అటుపై ఇరువది దాటేవరకు పెద్దలు. వేరుగా గురువు లేడు. పెద్దలే చిన్నలకు చదువు, కత్తిసాము, నడవడి నేర్పేవారు. ఎటూ తోచని చిక్కు సమస్య నొకదానిని కల్పించి, "నీవైతే ఏమి చేస్తావు?" అని చిన్నవానిని అడగడం అందులో ఒక ముఖ్యాభ్యాసం. తడుముకొనకుండ సమాధానం చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. 1868 మహాపరివర్తనకు సారథులైన సాయిగో తకమోరి, ఓకుబో తొషిమిచి ఇరువురూ ఒకే వాడ బాలురు, దరిద్రులైన చిన్న సామురాయ్‌ల బిడ్డలు. 1773లో షిగెహిదె ప్రభువు జోషికాన్ అనే విద్యాలయాన్ని, మరుసటి సంవత్సరం వైద్య విద్యాలయాన్ని కూడా స్థాపించాడు.

1851లో ప్రభువైన నారిఅకిరా ఈ వంశంలోకెల్ల దూరదృష్టి గలవాడు. నల్లమందు యుద్ధంలో చైనా ఓటమి ఆయనను కలవరపరచింది. కగోషిమాలో షూసెయికాన్ అనే కర్మాగారాల సముదాయాన్ని నిర్మించాడు. అందులో ఇనుము కరిగించారు, ఫిరంగులు పోశారు, రంగు గాజుపాత్రలు చేశారు. 1,200 మందికి పైగా పనివారు ఉండేవారు. ఫిరంగి కొలిమిని డచ్చి గ్రంథం చదివి, దానిలోని బొమ్మలు చూచి కట్టారు. మొదటి కొలిమి విఫలమైంది, రెండవది ఫలించింది. 1857లో ఆయన అనుచరులు తీసిన ఆయన ఛాయాచిత్రం, జపాన్ వారు తీసిన వాటిలో నేటికి మిగిలియున్న అతి ప్రాచీనమైనది. 1858లో ఆయన హఠాత్తుగా మరణించాడు.

ఓటమి నేర్పిన పాఠము

1862 సెప్టెంబరు 14న నారిఅకిరా తమ్ముడు హిసమిత్సు ఊరేగింపు నమముగి గ్రామం మీదుగా పోతుండగా, గుర్రాలు దిగక ఎదురువచ్చిన ఆంగ్లేయులపై అంగరక్షకులు కత్తులు దూశారు. రిచర్డ్‌సన్ అనే వర్తకుడు మరణించాడు. పరిహారం చెల్లించనందున 1863 ఆగస్టులో ఏడు బ్రిటిషు యుద్ధనౌకలు కగోషిమాపై ఫిరంగులు పేల్చాయి. సుమారు 500 ఇళ్ళు దగ్ధమైనవి, షూసెయికాన్ కాలిపోయింది. తీరపు ఫిరంగులు కూడా గట్టిగానే బదులిచ్చాయి. బ్రిటిషు పతాకనౌక కెప్టెన్ మరణించాడు.

ఇక్కడ ఈ వంశపు ప్రత్యేకత గమనించవలెను. పరువు పోయిందని వారు పంతం పట్టలేదు. 25,000 పౌన్ల పరిహారం షోగున్ ప్రభుత్వం నుండి అప్పు తెచ్చి చెల్లించారు. ఆ అప్పు తీర్చలేదు. సంధి చర్చలలోనే, తమకు ఒక యుద్ధనౌక కొనడానికి సహాయపడవలసినదని ఆంగ్లేయులను కోరారు. రెండేళ్ళు తిరగకుండా, 1865లో, 19 మందిని రహస్యంగా ఇంగ్లండుకు పంపారు. వారిలో 15 మంది విద్యార్థులు. అందరికంటె చిన్నవాని వయస్సు పదమూడు. విద్యార్థులలో ఎక్కువమంది లండను యూనివర్సిటీ కళాశాలలో చదివారు. తమ ఊరిని తగలబెట్టినవారి ఊరికే చదువుకొనడానికి వెళ్ళారు. ఆ బృందంలోనివారే మోరి అరినోరి, ఓసాకా వాణిజ్యాభివృద్ధికి మూలపురుషుడైన గొదాయి తొమోఅత్సు, టోక్యో జాతీయ ప్రదర్శనశాలకు తొలి అధిపతియైన మచిదా హిసనారి.

1866లో సత్సుమా తన చిరకాల శత్రువైన చోషూ సీమతో రహస్య మైత్రి చేసుకొన్నది. 1868 జనవరిలో ఆ రెండింటి సేనలు షోగున్ సేనను ఓడించగా రెండున్నర శతాబ్దాల తొకుగవా పాలన అంతరించింది.

గెలిచి పోగొట్టుకొన్నది

గెలిచిన షిమాజు వారు కొత్త షోగున్‌లు కాలేదు. 1869లో మరి మూడు సీమలతో కలసి తమ భూముల పట్టికలను చక్రవర్తికి సమర్పించారు. 1871లో ప్రభుసీమలన్నీ రద్దయినవి. ఈ పని చేసినవారు తమ ఇంటి సేవకులైన సాయిగో, ఓకుబోలే కావడం హిసమిత్సును దహించివేసింది. ఆ వార్త విన్న రాత్రి తన కసి తీరేందుకు ఆయన తెల్లవార్లు బాణసంచా కాల్పించాడని చెబుతారు.

1876లో సామురాయ్‌లు కత్తి ధరించరాదని శాసనమైంది, వారి భరణాలు తొలగినవి. 1877లో సత్సుమా సామురాయ్‌లు సాయిగో నాయకత్వాన తిరుగబడ్డారు. షిమాజు వంశం అందులో చేరలేదు. రైతుబిడ్డలతో కూడిన కొత్త ప్రభుత్వ సైన్యం ఆ వీరులను ఓడించింది. సెప్టెంబరు 24న కగోషిమాలోని షిరోయామా కొండపై సాయిగో మరణించాడు. ఎదిరి పక్షాన ప్రభుత్వాన్ని నడిపినవాడు ఆయన వాడ నేస్తం ఓకుబో. మరుసటి సంవత్సరం ఆయన కూడా హతుడైనాడు. మోరి అరినోరి 1889లో, రాజ్యాంగం ప్రకటితమైన రోజునే కత్తిపోటుకు గురై మరునాడు మరణించాడు. 1947లో ప్రభుబిరుదులన్నీ రద్దయినవి. షూసెయికాన్ అవశేషాలు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

మోరి జీవితంలో ఒక ఘట్టాన్ని మా కళాశాల వంటి విద్యాసంస్థ మరువరాదు. యౌవనంలో ఆయన, జపాన్ భాష ఆధునిక విద్యకు చాలదనీ, ఇంగ్లీషును స్వీకరించడమే మేలనీ తలపోశాడు. ఒక అమెరికా భాషాశాస్త్రజ్ఞుడే, స్వభాషను విడువవద్దని ఆయనకు సలహా ఇచ్చాడు. జపాన్ తన భాషను విడువలేదు. పరభాషలను నేర్చి, అందులోని సారాన్ని తన భాషలోకి తెచ్చుకొన్నది. రాస్ మసూద్ గారు 1922లో చూచినది ఆ ఫలితాన్నే. ఉర్దూ, తెలుగు భాషలను ఒకే కప్పు క్రింద చదివే మనకు ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు.

విద్యార్థి మిత్రులారా! షిమాజు వారు ఏడు శతాబ్దాలు నిలిచినది కత్తి బలం చేత మాత్రమే కాదు. 1587లో, 1600లో, 1863లో ఓడినప్పుడల్లా తమను ఓడించినదేమిటో వారు శ్రద్ధగా చదివారు. ఇది నేర్వదగినది. కాని ఆ చదువుకు రుసుము చెల్లించినవారిలో కొరియా కుమ్మరి ఉన్నాడు, రియూక్యూ రాజున్నాడు, చెరకు నరికి చక్కెర రుచి చూడలేని అమామి రైతు ఉన్నాడు. ఇదియు మరువరానిది. మనం కూర్చున్న ప్రతి తరగతిగది వెనుక, పేరు తెలియని ఎవరి కష్టమో ఉంటుంది. ఆ రుణాన్ని 250 ఏళ్ళ వాయిదాలలో తీర్చెదమని జుషో వలె చెప్పడం మాత్రం మనకు తగదు.